పండక్కి పిలుస్తాం, ఇల్లు మాత్రం ఇవ్వం
సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో నా ఫ్లాటు ఖాళీ అయింది. బ్యాంకులో పనిచేసే ఒక ముస్లిం ఉద్యోగి కుటుంబంతో వచ్చి చూసుకున్నారు, అడ్వాన్సు కూడా ఇస్తామన్నారు. మా అసోసియేషన్ వాళ్ళు మాత్రం ‘మాకేం లేదుగానీ వంటల వాసన ఇబ్బంది’ అంటున్నారు. వీళ్ళలో చాలామంది ఆదివారం కోడికూర వండేవాళ్ళే. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కోడికూర సంగతి మీరే రాశారు కాబట్టి అభ్యంతరం వాసన మీద కాదని మీకూ తెలుసు. ముందు చట్టం సంగతి చెబుతాను. రాజ్యాంగం చూసుకుంటుందిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. మతం, కులం, పుట్టిన చోటు పేరిట వివక్ష చూపవద్దని 15వ అధికరణ కట్టడి చేసేది ప్రధానంగా ప్రభుత్వాన్ని. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు అందరికీ అందుబాటులో ఉండాలనీ అందులో ఉంది. సొంత ఇల్లు అద్దెకిచ్చే మాట మాత్రం లేదు. పైగా సభ్యత్వం పార్శీలకే అన్న ఒక హౌసింగ్ సొసైటీ నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. దీన్ని నేను చట్టంలో ఉన్న పెద్ద లోటుగానే చూస్తాను. ఢిల్లీ, చుట్టుపక్కల పట్టణాల్లో ఇళ్ళ అద్దెల మీద ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్ బృందం చేసిన పరిశీలన 2015లో అచ్చయింది. అగ్రకులాల పేర్లకు తెరుచుకున్న తలుపులు దళితులకు, ముస్లింలకు చాలాచోట్ల మూసుకున్నాయని అందులో తేలింది.

మనవాళ్ళ తీరు ఇంకా విచిత్రం. నెల్లూరు బారాషహీద్ దర్గాకు వెళ్ళి రొట్టె పట్టుకుంటాం. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారని వెంకన్నను పెళ్ళాడిన బీబీ నాంచారి కథతో సహా గొప్పగా చెప్పుకుంటాం. ‘టు-లెట్’ బోర్డు దగ్గరకొచ్చేసరికి పేరు అడుగుతాం. పండగ ఒక్కరోజులో అయిపోతుంది, పొరుగు ఏడాది పొడవునా ఉంటుంది. అందుకే పండగలో కలిసినంత సులువుగా పొరుగులో కలవలేకపోతున్నాం.

మీరు చేయాల్సింది ఇది. అసోసియేషన్ బైలాస్‌లో ఫలానా మతంవాళ్ళకు ఇల్లు ఇవ్వకూడదన్న నియమం ఉంటే చూపించమనండి. లేకపోతే అద్దెకిచ్చేది మీరు, నిర్ణయమూ మీదే. చెత్త, పార్కింగ్, మెయింటెనెన్సు నియమాలు అందరికీ ఇచ్చినట్టే వాళ్ళకూ కాగితం మీద ఇవ్వండి. ఆర్నెల్లు పోయాక, ఆయనకు ఇష్టమైతే, అసోసియేషన్ లెక్కలు ఆయనకే అప్పజెప్పమని మీరే ప్రతిపాదించండి. బ్యాంకు మనిషి, లెక్కలు చక్కగా చూస్తారు. ఇఫ్తార్‌కి పిలిచి సెల్ఫీ దిగడం కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: సంక్రాంతికి మా ఊళ్ళో క్రికెట్ టోర్నమెంటు పెడతాం. ఏ వీధి వాళ్ళది ఆ జట్టు. అంటే ఏ కులం వాళ్ళది ఆ జట్టని వేరే చెప్పక్కర్లేదు. ఆటతో అందరూ కలిసిపోతారనుకున్నాం. ఏటా ఫైనల్ రోజు కొట్లాటే. ఆపేయమంటారా?
- ఒక డిగ్రీ విద్యార్థి, తూర్పుగోదావరి జిల్లా

జవాబు: టోర్నమెంటు ఆపకండి, జట్లు మార్చండి. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే, ఎందుకంటే మీ సందేహానికి మైదానంలోనే తేలిన జవాబు ఉంది. మాట్ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో వందల మంది కుర్రాళ్ళతో క్రికెట్ లీగులు ఆడించాడు. కొన్ని జట్లలో అందరిదీ ఒకే కులం, కొన్నింటిలో అన్ని కులాలూ. ఎవరు ఏ జట్టులో పడాలో లాటరీయే తేల్చింది. కలగలిసిన జట్లలో ఆడినవాళ్ళకు వేరే కులాల్లో స్నేహితులు పెరిగారు, సొంత కులం వాళ్ళ మీద పక్షపాతం తగ్గింది. వేరే కులం వాళ్ళతో ప్రత్యర్థులుగా ఆడినచోట మాత్రం రాకపోకలు మొత్తం మీద తగ్గాయి. 2021లో అచ్చయిన ఆ పరిశోధన చెప్పేది మీ ఫైనల్ కథే. మీరు కలిపింది మైదానంలో, విడగొట్టింది జట్లలో.

మనుషులు ఎదురుపడితే చాలు, మనసులు మారతాయన్నది సగం నిజం. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీనికి షరతులు చెప్పాడు: హోదా సమానంగా ఉండాలి, లక్ష్యం ఒకటే కావాలి, దానికోసం కలిసి పనిచేయాలి, పైన ఉన్న పెద్దలు దాన్ని సమర్థించాలి. ఇందులో మొదటిదే మనకు కష్టం. దళితపేట కుర్రాణ్ణి జట్టులోకి తీసుకుని పదకొండో నంబర్లో దింపి, బౌండరీ దగ్గర నిలబెడితే అది కలిసి ఆడినట్టు కాదు. చీటీలు తీసి జట్లు కట్టండి. కెప్టెన్‌నీ చీటీతోనే తేల్చండి. వీధి పేర్లు తీసేసి జట్లకు రంగుల పేర్లు పెట్టండి. బహుమతి డబ్బు జట్టంతా సమానంగా పంచుకోవాలని ముందే చెప్పండి. మొదటి ఏడాది పెద్దవాళ్ళు సణుగుతారు, సణగనివ్వండి. చందా ఇచ్చే పెద్దల్లో ఒకరిద్దరితో ఈ పద్ధతిని మైకులో చెప్పించగలిగితే సగం పని అయినట్టే.

ప్రశ్న: మా అబ్బాయి హాస్టల్లో మణిపూర్, నాగాలాండ్ పిల్లల్ని ‘చైనావాళ్ళు’ అని పిలుస్తాడట. సరదాకే అంటాడు. అంత పట్టించుకోవాలా?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పట్టించుకోవాలమ్మా. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ విద్యార్థి నిడో తానియాను రూపం చూసి వెక్కిరించడంతో గొడవ మొదలైంది. దెబ్బలు తిన్న ఆ పిల్లవాడు మర్నాటికి చనిపోయాడు. ఈశాన్యం వాళ్ళ మీద వివక్షను పరిశీలించడానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీని వేసింది అప్పుడే. మీవాడికి ఉపన్యాసం వద్దు. వాళ్ళ పేర్లు సరిగ్గా పలకడం నేర్చుకోమనండి, ఇంటికొచ్చినప్పుడు ఒక్కొక్కరి పేరూ చెప్పించుకోండి.

ప్రశ్న: మా బడిలో కొత్త వంటమ్మ ఎస్సీ మహిళ. ఆమె వచ్చాక కొందరు పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకుంటున్నారు. ‘బడి అన్నం పడటం లేదు’ అని తల్లిదండ్రులు అంటున్నారు. ఆమెను మార్చమని ఒత్తిడి పెరిగింది.
- ఒక ప్రధానోపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మార్చకండి. ఒక్కసారి మార్చారంటే, మీ బడిలో ఎవరు వండాలో కులమే తేలుస్తుందని మీరే రాసిచ్చినట్టు. బడి వంటపనిలో దళితులకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ప్రాధాన్యమివ్వాలని ఆహారహక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. ఆమె అక్కడ ఉండటం ఎవరి దయా కాదు. మీ మధ్యాహ్న భోజన పథకానికి పెట్టిన పేరు డొక్కా సీతమ్మగారిది. కోనసీమలో ఆకలితో వచ్చినవాళ్ళకు కులం అడక్కుండా అన్నం పెట్టిన తల్లి. ఆ పేరున్న బోర్డు కింద ఈ గొడవ జరగడం మనందరికీ సిగ్గుచేటు.

వడ్డించేముందు టీచరు రుచి చూడాలన్న నియమం ఉంది. చెంచాతో రుచి చూసి పక్కకు తప్పుకోకండి. మీరూ మిగతా టీచర్లూ కంచాలు తెచ్చుకుని పిల్లల వరుసలోనే కూర్చుని తినండి. తల్లిదండ్రుల సమావేశంలో మెనూ గురించి, గుడ్డు, చిక్కీ ఎన్ని వస్తున్నాయో వంటమ్మ చేతే చెప్పించండి. క్యారేజీ తెచ్చే పిల్లల్ని మందలించకండి, తప్పు వాళ్ళది కాదు. అంటరానితనం పాటించడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరమని మాత్రం ఆ సమావేశంలోనే, నెమ్మదిగా, పెద్దలందరికీ చదివి వినిపించండి.