మొదటి వెల్డింగ్ మిషన్ ఏది కొనాలి?

ప్రశ్న: బెంగళూరు బళేపేటలో ఉంటాం. సెలవుల్లో మేడమీద కుండీల స్టాండ్లు, బెంచీలు సొంతంగా చేసుకోవాలని ఆశ. తక్కువ ధరలో ఏ మిషన్ తీసుకోమంటారు?

జవాబు: మీ పనికి సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ ఆర్క్ మిషన్ చాలండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం మొండిది, కానీ మేడెక్కించడమే పెద్ద పని. గ్యాసుతో నడిచే మిగ్ మిషన్ వద్దు. ఆరుబయట గాలికి గ్యాసు చెదిరి అతుకులో బుడగలు పడతాయి.

డబ్బామీది 250 ఆంప్స్ అంకె చూసి కొనకండి, డ్యూటీ సైకిల్ అడగండి. 160 ఆంప్స్ దగ్గర 60 శాతమంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలి. 16 గేజి స్క్వేర్ పైపుకు 2.5 మి.మీ. 6013 రాడ్డుతో 60-80 ఆంప్స్ సరిపోతుంది. కాబట్టి నికరంగా 160 ఇచ్చే మిషన్ మీకు ధారాళం. 16 ఆంప్స్ సాకెట్, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ వైరు సన్నదైతే వోల్టేజి పడిపోయి రాడ్డు అతుక్కుంటుంది.

ఇలాంటి మిషన్లు అమ్మే ఎస్.పి. రోడ్డు మీకు దగ్గరే. కొనేముందు అక్కడే రాడ్డు కాల్చి చూపించమనండి, రిపేరు ఎవరు చేస్తారో కనుక్కోండి.

మిగిలిన డబ్బు 10 లేదా 11 షేడ్ అద్దమున్న హెల్మెట్‌కు, తోలు గ్లౌజులకు పెట్టండి. జీఐ పైపు కాల్చాల్సివస్తే ముందు జింకు పూత గీకెయ్యండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. మీ పేటలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పక్కమేడ పిల్లల కళ్లకు మెరుపు తగలకుండా రేకు అడ్డం పెట్టాకే రాడ్డు అంటించండి.