20 ఎంబీపీఎస్ అంటే ఎంత?

ప్రశ్న: మాది మద్దూరు. ఫైబర్ కనెక్షన్ 20 ఎంబీపీఎస్ అన్నరు. డౌన్‌లోడ్ పెడితే సెకనుకు రెండున్నర ఎంబీ దాటుతలేదు. మోసమా సార్?
– ఒక పాఠకుడు, నారాయణపేట జిల్లా

జవాబు: మోసం కాదు. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెప్తాయి, ఫైలు సైజేమో బైట్లలో కనిపిస్తుంది. 8 బిట్లు ఒక బైటు. 20ని 8తో భాగించండి, మీ రెండున్నరే వస్తుంది! ఈ తిరకాసు ప్రకటనల్లో ఎవరూ విప్పి చెప్పరు.

2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో మీదీ ఒకటి. మిషన్ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్విన కాలువల వెంటే ఆ తీగ వేశారు. తీగలో వచ్చేది వెలుగు. దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది ఓఎన్‌టీ, ఫోన్లకూ టీవీకీ పంచేది రౌటర్. చాలా ఇళ్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి.

లోపలి గదిలో వేగం ఇంకా పడిపోతే రాతిగోడను అనుమానించండి. వైఫైని 5 నుంచి 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి.