ఉప్పుటేరులో 'ట' ఎక్కడిది?

ముప్పయ్యారేళ్లు తెలుగు అయివారుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నెల్లూరుకు తూర్పున, సముద్రం వారనున్న బళ్లలోనే. రిటైరయినాక కూడా ఎవరో ఒకరు మా అరుగెక్కుతూనే ఉంటారు. పెళ్లికార్డు అచ్చేసేవాడు, ఫ్లెక్సీ కుర్రాడు, పడవల మీద పేర్లు రాసే పెయింటరు. అందరిదీ ఒకటే ప్రశ్న: "మాట పట్టట్లేదు సార్, యాడ విరగ్గొట్టేది?" వాళ్లకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నా.

1. ముందు నోటితో పలికి చూడు.

ఇది నేను తల దించుకుని నేర్చుకున్నది. ఒక బడి వార్షికోత్సవానికి బ్యానరు గుడ్డ చాల్లేదు. పై వరసలో 'ఇందుకూ', కింది వరసలో 'రుపేట' అని రాసుకొచ్చారు. ప్రూఫు చూసి సరేనన్నది నేనే. అక్షరాలన్నీ ఉన్నాయి కదా అనుకున్నా. సభ మొదలయ్యేలోపే వెనక బెంచీలు 'రుపేట రుపేట' అని పాటందుకున్నాయి. ఒక్కసారి పైకి చదివుంటే 'ఇందుకూరు' దగ్గర నాలిక తానే ఆగేది. కంటికి అక్షరాలే కనిపిస్తాయి, మాటలు కనిపించవు.

2. మన తీరంలో ఊరి పేర్లు రెండు రకాలు.

కృష్ణపట్నం, జువ్వలదిన్నె, మైపాడు ఒక రకం. రెండు మాటల మధ్య సందుంది, అక్కడ విరగ్గొట్టు, ఎవడూ నవ్వడు. అల్లూరు, విడవలూరు, కోడూరు, అసలు నెల్లూరు, ఇవి రెండో రకం. 'ఊరు' అచ్చుతో మొదలయ్యే మాట, అది ముందు మాట కొసనున్న అచ్చును మింగేసి కూర్చుంటుంది. నెల్లు, అంటే అరవంలో వరి, దాని ఊరన్నారు కొందరు. నెల్లి, అంటే ఉసిరి చెట్టు కింద వెలసిన మూలస్థానేశ్వరుడి కథ చెప్పి, దాని ఊరన్నారు ఇంకొందరు. ఉత్వ సంధి అనుకో, ఇత్వ సంధి అనుకో, మిగిలేది 'ల్లూ'. ఆ ఒక్క అక్షరంలో హల్లు మొదటి మాటది, అచ్చు రెండో మాటది. గోడ ఒక ఇంటిదీ, కప్పు ఇంకో ఇంటిదీ. అందుకే రైల్లో పరాయివాళ్లు 'నెల్‌లోర్' అని చివర ఒత్తి పలికితే నాకు ఊరు పోయినట్టే ఉంటుంది.

3. సూత్రం పుస్తకంలో కంటే ముందు ఊళ్లో ఉంటుంది.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులోని టుగాగమాన్ని 'కరకుటమ్ము' ఉదాహరణతో ఏటేటా వల్లె వేయించాను. కరకు అనే మాట, అమ్ము అనే మాట కలిసేచోట నడుమ ట్ దూరుతుంది. పిల్లలకు కరకూ తెలీదు, అమ్మూ తెలీదు. ఒకనాడు పట్టపుపాలెం నుంచి వచ్చే పిల్లోడు డిక్టేషన్లో 'ఉప్పు టేరు' అని విడదీసి రాశాడు. తప్పు కొట్టి, టేరు అంటే ఏందిరా అన్నా. "ఏరే గదా అయివారూ. ఉప్పు పక్కన పెడితే ట వస్తది. సముద్రంలోంచి కొట్టుకొచ్చిందేమో" అన్నాడు. నేను రోజూ సైకిలు మీద దాటి వచ్చే ఉప్పుటేరే అది! ఉప్పు, ఏరు, నడుమ ట్. ఎర్ర సిరా గీత కొట్టేసి మార్కు వేశాను. ఆ మరుసటి ఏడు నుంచి కరకుటమ్మును రెండో ఉదాహరణ చేశా.

4. సమాసం బరువు మార్చుతుంది.

తెలుగులో ఒక అక్షరాన్ని ఒత్తి పలికితే అర్థం మారిపోదు. మనకున్నది గురులఘువుల లెక్క. 'మన ప్రశ్న' అను. 'న' తేలిగ్గా ఉంటుంది, లఘువు. ఇప్పుడు 'జలప్రళయం' అను. రెండిట్లోనూ వెనకున్నది 'ప్ర'యే. కానీ ఇక్కడ 'ల' మీద 'ప్' వచ్చి వాలుతుంది, 'ల' గురువవుతుంది. జలప్రళయం సంస్కృత సమాసం, ఒకే ముద్ద. మన ప్రశ్న పక్కపక్కన నిలబడ్డ రెండు మాటలు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు రాసిన తిక్కన మన నెల్లూరివాడే. ఆయనకు దశకుమారచరిత్ర అంకితమిచ్చిన కేతనే తెలుగు పద్యాల్లో తెలుగు వ్యాకరణం చెప్పాడు, ఆంధ్రభాషాభూషణం. ఈ ఊళ్లో లెక్క తప్పితే పరువు తక్కువ.

5. కలిసిన గుర్తు చెవిలో పడుతుంది.

'అన్న, తమ్ముడు' అంటే ఇద్దరు మనుషులు. 'అన్నదమ్ములు' అంటే ఒక వరస. త కాస్తా ద అయింది. కాయలు కూర పక్కన చేరి కూరగాయలైనట్టే. ఓడ మీద ఉద్యోగం చేసే నా పాత విద్యార్థి ఒకడు నార్వే నుంచి ఫోను చేసి, అక్కడివాళ్లూ మాటలు కలపడం, విడగొట్టడం గురించి తగవులాడుకుంటారని చెప్పాడు. వాళ్లు సమాసాన్ని కలిపే రాయాలి. పలికేటప్పుడు మొదటి మాట మీద బరువు, రెండోదాని మీద తక్కువ. 'రోయ్‌క్‌ఫ్రిట్' అని కలిపి రాస్తే పొగ నిషేధం. విడగొట్టి 'రోయ్‌క్ ఫ్రిట్' అంటే ఇష్టమొచ్చినట్టు తాగమని! బస్సు ఆగే చోటుకు 'బుస్స్', 'స్టోప్' రెండూ కలిపితే మూడు స్‌లు రావాలి, రెండే రాస్తారట. పంక్తి చివర విరగ్గొట్టాల్సి వస్తే మాత్రం పోయిన మూడోది మళ్లీ తెచ్చి పెడతారు. నాకు భలే నచ్చింది. మనం 'నెల్లూరు' విరగ్గొట్టినా ఆ మింగేసిన అచ్చును ఎవడూ తెచ్చివ్వడు.

6. రాతిమీద సందులుండవు.

1905లో బటర్‌వర్తు, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలు అచ్చేయించారు. పాత రాళ్ల మీద అక్షరాలు చీమలబారులా సాగిపోతాయి, మాటకూ మాటకూ ఎడం లేదు. చదివేవాడే విడగొట్టుకోవాలి.

7. తెలియకపోతే అక్షరం చిన్నది చెయ్యి.

పోయిన నెల పెయింటరొచ్చాడు. పడవ మూతి దగ్గర జాగా మూరెడే. 'జువ్వలదిన్నె' రాయాలంటే, 'జువ్వల' పైన, 'దిన్నె' కింద అన్నా. సంతోషంగా పోయాడు. గంటకే మళ్లీ వచ్చి, "ఇంకో పడవుంది సార్, దానికి 'విడవలూరు' అంట" అన్నాడు. కాగితం మీద నాలుగు రకాలుగా కోసి చూశాను. 'విడవ' అని పైన పెడితే పడవవాళ్లు ఒప్పుకోరు, 'లూరు' అని కిందపెడితే నేను ఒప్పుకోను. చివరికి సన్న కుంచె తీసుకొమ్మన్నా. ఇప్పుడా పేరు మూతి నుంచి పక్కకు తిరిగి, చెక్క వంపు వెంబడి ఒకే వరసలో పోతుంది. ఒడ్డున నిలబడి చదవాలంటే నాలుగడుగులు నడవాలి.