తక్కెడను వెంట తెచ్చుకున్న గ్రహశకలం

సూర్యుని చుట్టూ తిరిగే లక్షలాది గ్రహశకలాలలో ఒకదాని పరిమాణాన్ని దూరం నుండి అంచనా వేయవచ్చు. దాని ద్రవ్యరాశిని తెలుసుకోవడం మాత్రం దుర్లభం. ఒంటరి శకలం తన బరువును బయటపెట్టదు. చుట్టూ తిరిగే తోడు ఒకటి ఉన్నప్పుడు ఆ తోడే తక్కెడ అవుతుంది.

డిడిమోస్ అటువంటి జంట. దీనిని 1996లో అమెరికాలోని కిట్ పీక్ నుండి కనుగొన్నారు. సుమారు 770 రోజులకొకసారి ఇది సూర్యుని చుట్టివస్తుంది. దాని మార్గం భూకక్ష్య చేరువ నుండి కుజకక్ష్యకు ఆవల వరకు సాగుతుంది. భూమి నుండి చూసేవారికి ఈ జంట ఒకే చుక్క. అయినప్పటికీ 2003లో ఆ చుక్క వెలుగును కొలిచినవారు, అది నియమిత వ్యవధిలో కొద్దిగా మందగించడం గమనించారు. ఒకటి మరొకదానిని మరుగుపరుస్తున్నదన్నమాట. మనం చూసే గ్రహణాల వంటిదే ఇదీను. రాడార్ పరిశీలన కూడా దీనిని ధ్రువపరచింది. పెద్దదాని వ్యాసం దాదాపు ముప్పాతిక కిలోమీటరు, చిన్నదానిది సుమారు 160 మీటర్లు. చిన్నదానికి డైమార్ఫోస్ అన్న పేరు 2020లో గాని రాలేదు.

వాటి కేంద్రాల నడుమ దూరం సుమారు 1,190 మీటర్లు; తోడు ఒక చుట్టు తిరగడానికి పట్టిన కాలం 11 గంటల 55 నిమిషాలు. కెప్లరు మూడవ సూత్రానికి న్యూటన్ ఇచ్చిన రూపంలో ఈ రెండు అంకెలనూ ఉంచితే జంట ద్రవ్యరాశి సుమారు 54 కోట్ల టన్నులని తేలుతుంది. కళాశాల విద్యార్థి ఎవరైనా కాగితంపై వేసి చూడదగిన లెక్క ఇది. దీనిని ఘనపరిమాణంతో భాగించగా వచ్చే సాంద్రత నీటికి రెండున్నర రెట్ల ప్రాంతంలో ఉంటుంది. గట్టి శిలకు ఇది తక్కువ. కనుక డిడిమోస్ ఏకశిల కాదనీ, సందులున్న రాళ్ళకుప్ప అనీ భావిస్తున్నారు. అది రెండుంబావు గంటలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. అంత వేగానికి చెదరిన రాళ్ళే కూడి తోడుగా ఏర్పడి ఉండవచ్చు.

2022 సెప్టెంబరు 27 వేకువన, మన కాలమానం ప్రకారం, అమెరికా పంపిన 'డార్ట్' నౌక సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో డైమార్ఫోస్‌ను ఢీకొన్నది. భూమికి ప్రమాదం ఉండి కాదు. శకలాన్ని దారి మళ్ళించగలమా అన్న పరీక్ష అది. పరిభ్రమణ కాలం 11 గంటల 23 నిమిషాలకు తగ్గింది. చిమ్మిన రాళ్ళ ఎదురుతోపు నౌక తాకిడికి తోడైనందువల్లనే ఇంత మార్పు. ఒంటరి శకలాన్ని ఢీకొని ఉంటే, సూర్యుని చుట్టూ దాని గమనంలో వచ్చే స్వల్ప భేదాన్ని పసిగట్టడానికి చాలా కాలం పట్టేది.

డైమార్ఫోస్ బరువును విడిగా, దగ్గర నుండి కొలవడానికై యూరపు దేశాల 'హేరా' నౌక 2024 అక్టోబరు 7న బయలుదేరింది.