ఎంసీబీ పడలేదంటే అంతా బాగున్నట్టేనా?

మా కొత్తకోటలో ఎండాకాలం వచ్చిందంటే కూలర్లు బయటికొస్తయి. చలికాలం బకెట్ల హీటర్ రాడ్ పెడ్తరు. గోడ సాకెట్ దూరముంటే ఎక్స్‌టెన్షన్ బాక్సే దిక్కు. షాపులో మనం అడిగేవి రెండే: తీగ ఎంత పొడుగు, ప్లగ్గులు ఎన్ని పడ్తయి? తీగ మందం, ఎర్త్ సంగతి ఎవరూ అడగరు. నా లెక్కలో అసలు చూడాల్సినవి ఆ రెండే.

ముందు మందం. 1500 వాట్ల రాడ్ 230 వోల్టుల దగ్గర సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్లుంటే, రానూ పోనూ 10 మీటర్లకు నిరోధం దాదాపు 0.26 ఓములు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే తీగలో పుట్టే వేడి 11 వాట్లు. అదే బాక్సుకు 1000 వాట్ల ఇస్త్రీపెట్టె కూడా తగిలిస్తే కరెంటు 10.9 ఆంపియర్లు, వేడి 31 వాట్లు. లోడు రెట్టింపు కూడా కాలేదు, వేడి మాత్రం మూడింతలకు దగ్గరైంది. తీగను చుట్టగా చుట్టి పెడితే ఆ వేడి పోయే దారి ఉండదు.

మరి ఎంసీబీ ఆపదా? ఆపదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి 10.9 మామూలు లోడే. అది గోడలోని వైరింగును కాపాడటానికి పెట్టింది. మన సన్న తీగ సంగతి దానికి తెల్వదు.

ఇక కూలర్. అది 200 వాట్లే అనుకుంటే ఒక్క ఆంపియర్ కూడా లాగదు. కానీ ఇనుప బాడీ, లోపల నీళ్లు, పంపు. ఎర్త్ లేకపోతే ముట్టుకున్నోళ్లకే షాక్. కొన్ని చవక బాక్సుల్లో మూడు రంధ్రాలున్నా లోపల రెండు తీగలే ఉంటయి. బాక్సును గోడ నుంచి పీకి, ప్లగ్ పెద్ద పిన్నుకూ సాకెట్ పెద్ద రంధ్రానికీ మల్టీమీటర్ పెట్టి చూడండి. బీప్ రాకపోతే ఆ బాక్సు కూలర్‌కు వద్దు. గోడ సాకెట్‌లో కూడా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలె.

కొనేటప్పుడు:

1. 6 ఆంపియర్ల బాక్సంటే అన్ని సాకెట్లకూ కలిపి 6, అంటే 1380 వాట్లు.
2. రాడ్, గీజర్ నేరుగా గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలె. తప్పనిసరైతే 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి కేబుల్, 16 ఆంపియర్ల ప్లగ్, సాకెట్ ఉండాలె. దానికి ఇంకోటి తగిలించొద్దు.
3. ఐఎస్ఐ గుర్తు చూడాలె.
4. వాడేటప్పుడు తీగ పూర్తిగా విప్పాలె. ప్లగ్ వేడెక్కితే వెంటనే స్విచ్ ఆపాలె.

ఈసారి ఇంటికి పోయినప్పుడు మల్టీమీటర్ తీసుకపోండి. ముందు కూలర్ బాక్సు చూడండి.