స్టీరింగ్ పట్టకుండానే రేసు
సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: హిల్ క్లైంబ్ రేసింగ్ గేమ్‌లో కారు గాల్లో ఉన్నప్పుడు గ్యాస్ నొక్కితే ముక్కు పైకి లేస్తోంది, బ్రేక్ నొక్కితే కిందికి దిగుతోంది. చక్రాలు నేలకు తగలనప్పుడు ఇదెలా సాధ్యం?
- ఇంటర్ విద్యార్థి, తెనాలి

సమాధానం: ఇది మీ ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నదే, కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం. గాల్లో చక్రాలు జోరుగా ముందుకు తిరిగితే బాడీ వెనక్కి తిరుగుతుంది, ముక్కు లేస్తుంది. తిరిగే చక్రాన్ని బ్రేకు ఆపేస్తే ఆ తిరుగుడు బాడీకి చేరి ముక్కు దిగుతుంది. మోటోక్రాస్ రైడర్లు నిజంగానే గాల్లో వెనక బ్రేకు తొక్కి ముందు చక్రాన్ని దించుకుంటారు. ఆటలో కాస్త అతి చేసి చూపినా సూత్రం మాత్రం నిజమే.

ఫిన్లాండ్ సంస్థ ఫింగర్‌సాఫ్ట్ 2012లో తెచ్చిన ఈ ఆటలో స్టీరింగే లేదు. ఉన్న రెండు పెడళ్లే నేల మీద వేగానికీ, గాల్లో తూకానికీ. గుట్ట మీంచి పల్లానికి దూకేటప్పుడు బ్రేకు తట్టి కారును వాలుకు సమంగా వంచండి. రెండు చక్రాలూ ఒకేసారి ఆనితే పల్టీ కొట్టదు. గ్యాస్ అదేపనిగా నొక్కి ఉంచారో, కారు వెల్లకిలా పడి డ్రైవర్ తల నేలకు తగులుతుంది. ఆట అంతటితో సరి.

ప్రశ్న: అస్ఫాల్ట్ రేసింగ్ గేమ్‌లో టచ్‌డ్రైవ్ పెడితే కారు తనంతట తానే మలుపులు తిరుగుతోంది. నేను ఆడుతున్నట్టా, చూస్తున్నట్టా? మా తమ్ముడు ఇది మోసమంటాడు.
- బ్యాంకు ఉద్యోగి, వరంగల్

సమాధానం: మోసమేమీ కాదు. గేమ్‌లాఫ్ట్ సంస్థ 2018లో అస్ఫాల్ట్ 9తో తెచ్చిన పద్ధతి ఇది. స్టీరింగ్, యాక్సిలరేటర్ ఆటే చూసుకుంటుంది. ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ డ్రిఫ్ట్ కొట్టాలి, వేగాన్ని ఒక్కసారిగా పెంచే నైట్రో ఎప్పుడు వాడాలి అన్నవి మీ పని. దారి చీలే ముందు తెర మీద గుర్తులు కనిపిస్తాయి. వేలితో పక్కకు జరిపి ర్యాంపు కావాలో, నైట్రో సీసాలున్న వరస కావాలో ఎంచుకోవాలి. ఎడమవైపు నొక్కి పట్టుకుంటే డ్రిఫ్ట్, టకటకా రెండుసార్లు తడితే కారు గిర్రున ఒక చుట్టు తిరుగుతుంది. కుడివైపు నైట్రో. నైట్రో బార్ నిండాక రెండుసార్లు తడితే షాక్‌వేవ్, అంటే అన్నిటికన్నా జోరైన నైట్రో.

ఇందులో ట్రాక్ కంఠతా వచ్చినవాళ్లదే పైచేయి. అయితే మలుపును లోపలి అంచు నుంచి ఒరుసుకుంటూ కోసి సమయం మిగుల్చుకోవడం మీ చేతిలో ఉండదు. దానికి మాన్యువల్ పెట్టుకోవాల్సిందే. ట్రాకులు టచ్‌డ్రైవ్‌లో నేర్చుకుని, ఆ తర్వాత మాన్యువల్‌కు మారండి. తమ్ముడితో పందెం అప్పుడు వేసుకోవచ్చు.

ప్రశ్న: మావారు ఏ రేసింగ్ గేమ్ ఆడినా మలుపు రాగానే ఫోన్‌తో పాటు తానూ పక్కకు ఒరిగిపోతారు. దానివల్ల కారు తిరుగుతుందా?
- గృహిణి, విజయనగరం

సమాధానం: సెట్టింగ్స్‌లో ‘టిల్ట్’ ఉంటే తిరుగుతుంది, లేకుంటే మెడనొప్పే మిగులుతుంది. భూమి ఎటు లాగుతోందో ఫోన్లోని యాక్సిలరోమీటర్ పసిగడుతుంది, దాన్నిబట్టి ఫోన్ ఎంత వంగిందో ఆట లెక్కగడుతుంది. కాబట్టి ఒరగాల్సింది ఫోనే, మనిషి కాదు. టిల్ట్‌తో బొటనవేళ్లు బ్రేకుకూ నైట్రోకూ ఖాళీగా ఉంటాయి. కాకపోతే చూడాల్సిన రోడ్డు కూడా తెరతో పాటే వంగుతుంది, కుదుపుల బస్సులో కారు దారి తప్పుతుంది. సెన్సిటివిటీ కాస్త పెంచి చూడండి. మణికట్టు కొద్దిగా తిప్పినా కారు మలుపు అందుకుంటుంది, మీవారూ సోఫాలోనే నిలకడగా ఉంటారు.