నలుగురితో నడుపు రైలుమార్గము



నీ లేఖ అందినది. హిందూపురమున మీ యింటి మేడగదిలో, ధర్మవరము మొదలు హిందూపురము వఱకు గల పాత మీటరుగేజి మార్గమును ఎనుబదియేడవ వంతు ప్రమాణమున నిర్మించి, పెనుకొండ గిరిదుర్గమును గోడపై చిత్రించి పని ముగించితివని చదివి మిక్కిలి సంతసించితిని. ఇక బండ్లను ఊరక చుట్టు త్రిప్పుట గాక, నిజమైన రైల్వేవలె నడుపవలెనని కోరిక కలిగినదనియు, స్నేహితులు ముగ్గురే రాగలరు గనుక మఱికొందఱు దొరకువఱకు ఆగవలెనా యనియు అడిగితివి. నాయనా, ఆగవలదు. చాకర్లపల్లి, మలుగూరు వంటి చిన్న స్టేషనులలో అర్ధరాత్రివేళ మేలుకొనియుండినవారు స్టేషను మాస్టరొకడును, పాయింట్స్‌మనులు ఒకరిద్దఱును మాత్రమే యని, రైల్వే ఉద్యోగమున తల నెరసిన నేను చెప్పుచున్నాను. కొలదిమంది యుండుట ఆ మార్గమునకు లోపము కాదు, స్వభావము.

అయితే ఆ కొలదిమందికి పని పంచుటయందే మెలకువ యున్నది. తలకొక బండి నిచ్చి నడుపుమనుట నూతనముగా ఆరంభించువారి కెల్లరకు తోచు మార్గము. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరవాసియైన ఫ్రాంక్ ఎల్లిసన్ 1940లలో నమూనా రైలుమార్గమును రంగస్థలముతో పోల్చి, బండ్లనే పాత్రధారులుగా భావించి వ్రాసెను. ఆయన విద్యయందు నాకు గౌరవము కలదు. కాని మన యొంటిలైనుపై బండి తన యిచ్ఛచే కదలునది కాదు. బండిని పంపుటకు లైన్ క్లియర్ అను అనుమతిని వెనుకటి స్టేషనువాడు అడుగవలెను, ముందటి స్టేషనువాడు ఒసగవలెను. ముందు పోయిన బండి కడపటి డబ్బా వెనుకనున్న దీపమును కనులార చూచి, బండి యంతయు వచ్చి చేరినదని నిశ్చయించుకొనినగాని ఆతడు లైన్ క్లియర్ ఒసగరాదు. ఒసగిన పిమ్మటనే నీల్స్ టోకెను యంత్రమునుండి ఉక్కుగుండు వెలువడును, అది చేతికి చేరినగాని డ్రైవరు ఆ సెక్షనులో అడుగుపెట్టరాదు. ఒకరినొకరు చూడలేని యిద్దఱు మనుష్యుల నడుమ జరుగు ఈ యాచనాదానములయందే రైల్వే యొక్క ప్రాణమున్నది. కావున స్నేహితులకు బండ్లను పంచకుము, స్టేషనులను పంచుము. ధర్మవరమున కొకడు, పెనుకొండ కొకడు, హిందూపురమున కొకడు మాస్టరులుగా కూర్చుండవలెను. నాలుగవవాడవైన నీవు డ్రైవరువై, గార్డువై, బండి వెంట నడువుము. అన్ని స్టేషనులకును ఆజ్ఞలిచ్చు కంట్రోలరు లేకున్నను కొఱతలేదు. ఈ మువ్వురును తమలో తాము సంప్రదించుకొని బండ్ల క్రాసింగును నిర్ణయించుకొనగలరు.

గది యొక్కటే గనుక అందఱకును అంతయు కనబడును. ఇది మన యుద్దేశమునకు శత్రువు. స్టేషనునకును స్టేషనునకును నడుమ ఒక తెరయైనను, చెక్కపలకయైనను నిలుపుము. కేకవేసి మాటలాడుటను నిషేధించి, అగ్గువకు దొరకు టెలిఫోను జత లమర్చుము. లైన్ క్లియర్ ఇచ్చునపుడు ప్రైవేటు నంబరు, అనగా తన పట్టికలోని రహస్యపు అంకె, చెప్పుట తప్పనిసరి చేయుము. మూడు స్టేషనులకును వేఱువేఱు అంకెల పట్టికలు వ్రాసి, ఒకరిది మఱియొకరు చూడకుండ నుంచి, చెప్పిన అంకెను చెప్పినవెంటనే కొట్టివేయించుము. విన్నవాడు దానిని రిజిస్టరులో వ్రాసికొనును. నోటిమాట అచ్చట సాక్ష్యమగును. పొరపాటు జరిగినచో ఎవరిని నిందింపక, బండిని నిలిపి, రెండు రిజిస్టరులను ఒకచోట పెట్టి చదువుడు. దోషమెచ్చట పుట్టెనో ఆ యంకెలే చెప్పును.

నిజకాలముకన్న త్వరగా తిరుగు వేగపు గడియారము గూర్చియు అడిగితివి. తొలి కూటములలో దానిని గోడనుండి దింపివేయుమనియే నా యభిప్రాయము. నీ ప్రమాణమున నిజమైన కిలోమీటరు పదునొకండున్నర మీటర్లగును. నీ స్టేషనుల నడుమ నున్న ఐదు మీటర్ల పట్టాలను గంటకు ముప్పది కిలోమీటర్ల లెక్కను పోవు గూడ్సు బండి నిమిషములోపలనే దాటును. ఆ నిమిషమును ఎనిమిది నిమిషములుగా చూపు గడియారమును పెట్టితివా, ప్రయాణము సహజముగా తోచును గాని, లైన్ క్లియర్ అడిగి రిజిస్టరు వ్రాయుటకు పట్టు అరనిమిషము నాలుగు నిమిషములై, మాస్టరులు ఊపిరాడక తత్తరపడుదురు. మంది కొలదియైనపుడు సమయపట్టికకన్న క్రమపట్టిక మేలు: ఏ బండి తరువాత ఏ బండి, ఏది ఎచ్చట దేనికి దారి విడువవలెను, ఇంతియే వ్రాయుము. ప్యాసింజరు పెనుకొండ లూపులో నిలిచియుండగా నీవు హిందూపురమునకు నడచి వచ్చి గూడ్సును తెచ్చుకొందువు. ఆ వ్యవధిలో పెనుకొండ మాస్టరు సిగ్నలును, పాయింటును సరిచూచుకొనును. అందుచేత పెనుకొండకు మిక్కిలి తెలివిగలవానిని గాక మిక్కిలి నిదానస్థుని నియమింపుము.

ధర్మవరముపై ప్రత్యేక శ్రద్ధ వహింపుము. 1893లో గుంతకల్లు–మైసూరు సరిహద్దు రైల్వేగా తెరువబడిన నీ మార్గమును సదరన్ మరాఠా కంపెనీవారు నడపిరి. పాకాల దిక్కునుండి వచ్చి ధర్మవరమున కలియు మార్గము ఆనాడు దక్షిణ భారత రైల్వే వారిదిగా నుండెను. రెండును మీటరుగేజియే యగుటచే డబ్బాలు ఒక మార్గమునుండి మఱియొక మార్గమునకు సరుకు దింపకుండనే పోగలిగినవి. నీ గదిలో పాకాల వఱకు పట్టాలు లేకున్న నేమి? బల్ల అంచున ఒక చిన్న సైడింగు చాలును. అచ్చట నిలిపిన డబ్బా పాకాలకు పోయినట్లే. డబ్బా కొక చీటి వ్రాసి, హిందూపురమునుండి బెల్లము, చింతపండు, దారిలో వేరుశనగ, ధర్మవరమునుండి ప్యాసింజరు బ్రేకువ్యానులో పట్టుచీరల పార్సిళ్లు అని నిర్దేశించినచో, షంటింగునకు అర్థము కలుగును. అర్థములేని షంటింగు పిల్లలను సైతము విసిగించును.

ఒకనాడు ముగ్గురిలో ఒకరు రాలేకపోవచ్చును. ఇంగ్లండులో పీటర్ డెన్నీ అను క్రైస్తవ మతాచార్యుడు తన బకింగ్‌హాం నమూనా మార్గమున తనకు తోడుగా పనిచేయుచుండిన కుమారుడు క్రిస్పిన్ పెద్దవాడై యిల్లు విడిచిన పిదప, ఆ కుమారునికి బదులు అవతలి సిగ్నలు పెట్టెనుండి గంటలు మ్రోగించి జవాబిచ్చు యంత్రమును స్వయముగా నిర్మించి, దానికి ‘ఆటోమాటిక్ క్రిస్పిన్’ అని పేరు పెట్టెను. ఆ తండ్రి నేర్పును తలచినపుడెల్ల నా మనస్సు కరగును. నీకు మాత్రము యంత్ర మక్కఱలేదు. నీ చెల్లె లున్నది. ఆమెకు హిందూపురము నప్పగింపుము. అది మార్గపు కొస గనుక ఒక దిక్కు మాత్రమే చూచుకొనిన చాలును, రెండు కూటములలో నేర్చుకొనగలదు.

ఇక నీవు వెంటనే చేయవలసిన పని యొకటి. పెనుకొండ లూపులో, ప్రక్క లైనుపై పోవు బండికి తగులకుండ నిలువదగిన నిడివిని కొలిచి, ఇంజనును బ్రేకువ్యానును గాక ఎన్ని డబ్బాలు పట్టునో వ్రాయుము. క్రాసింగునకు వచ్చిన రెండు బండ్లలో ఒకటియైనను ఆ లూపులో ఇమిడి తీరవలెను గదా. ఆ సంఖ్య తెలిసినగాని క్రమపట్టికలో తొలి గీత గీయుటకు వీలులేదు. కొలత యందినవెంటనే పట్టికను, ప్రైవేటు నంబరుల కాగితములను నేనే వ్రాసి టపాలో పంపెదను.